గడియారం ఆగుతుంది, వెనక్కి తిరగదు

'ఎగ్ ఫ్రీజింగ్' అన్న మాట ఇదివరకు పెద్ద ఆస్పత్రుల గోడల మధ్యే వినిపించేది. ఇప్పుడు హాస్టల్ గదుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో, ఆఖరికి పెళ్లి సంబంధాల కబుర్లలో కూడా దొర్లుతోంది. 2025 నవంబరులో హైదరాబాద్ ఐఐటీ విద్యార్థులతో మాట్లాడుతూ ఒక ప్రముఖ మహిళ, అండాలు దాచుకోవడం ఆడపిల్లలకు పెద్ద బీమా లాంటిదన్న అర్థంలో సలహా ఇస్తే పెద్ద దుమారమే రేగింది. కాలానికి తగ్గ మాట అని కొందరు మెచ్చుకున్నారు. పెళ్లీ పిల్లలూ వాయిదా వేసుకోమంటారా అని కొందరు మండిపడ్డారు. ఇదంతా వ్యాపారమేనని మరికొందరు తేల్చేశారు.

ఇంత గొడవలోనూ ఒక చిన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు. అసలు గడ్డకట్టించినప్పుడు ఆ అండానికి ఏమవుతుంది? పెట్టింది పెట్టినట్టే తిరిగి మన చేతికి వస్తుందా?

ముందు అడగవలసింది ఇదే. మనం దాచేది బంగారు గొలుసయితే ఏ బెంగా లేదు. పదేళ్ల తర్వాత లాకరు తెరిచినా అదే బరువు తూగుతుంది. అండం అలాంటిది కాదే! అది ప్రాణమున్న కణం. దాన్ని చలిలోకి దింపడం, మళ్లీ వెచ్చదనంలోకి తేవడం రెండూ దానికి గండాలే. ఆ గండాలేమిటో తెలుసుకోకుండా 'బీమా' అన్న ఒక్క మాట నమ్మి లక్షలు పోసే ముందు, కాసేపు ఆగి ఆలోచించడం మంచిది.

మంచు చేసే రెండు గాయాలు

నిండా నీళ్లు పోసిన గాజు సీసాను ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సీసా ఫట్‌మంటుంది. టమాటాలు ఫ్రీజర్లో గడ్డకట్టాక బయటికి తీసి చూడండి. రంగు బాగానే ఉంటుంది గానీ పట్టుకుంటే మెత్తగా నీళ్లోడుతుంది. లోపల మంచు పలుకులు కణాలను చీల్చేశాయన్నమాట. మన శరీరంలోని కణాల్లోనూ ఎక్కువ భాగం నీరే కనుక వాటికీ అదే ముప్పు.

ఇది మొదటి గాయం. రెండోది పైకి కనిపించదు. చల్లబరిచేటప్పుడు మంచు ముందుగా కణం బయట ఉన్న ద్రవంలో కడుతుంది. మంచు పలుకుల్లోకి ఉప్పు వెళ్లదు. దాంతో మిగిలిన కాస్త ద్రవం అంతకంతకూ ఉప్పెక్కిపోతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరడం లేదూ? సరిగ్గా అలాగే కణంలోని నీరంతా బయటికి లాగేస్తుంది. కణం ఎండిన ఒరుగులా ముడుచుకుపోతుంది. దాని పైపొర, లోపలి మాంసకృత్తులు దెబ్బతింటాయి.

నెమ్మదిగా చల్లబరిస్తే ఉప్పు దెబ్బ. తొందరగా చల్లబరిస్తే నీరు బయటికి పోయే వ్యవధి లేక లోపలే మంచు కట్టి చీల్చే దెబ్బ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ రెండు దెబ్బల లెక్కనూ 1970ల మొదట్లో పీటర్ మజూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు విడమరిచి చెప్పారు. ఒక్కో రకం కణానికి ఒక్కో వేగం సరిపడుతుందని, అన్నిటికీ ఒకే సూత్రం పనిచేయదని దాంతో తేలింది. ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. వీర్యకణాలకు బాగున్న పద్ధతి అండానికి బాగుండాలని లేదు. రక్తకణానికి పనికొచ్చింది పిండానికి పనికిరాకపోవచ్చు.

గ్లిజరిన్ సీసా మహిమ

అసలు కణాలు గడ్డకట్టి కూడా బతకగలవని నమ్మకం కలిగించిన సంఘటన తమాషా అయినది. 1949లో ఇంగ్లాండులో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్ అనే మహిళా శాస్త్రవేత్త, అలన్ పార్క్స్ కలిసి కోడిపుంజు వీర్యకణాలను చక్కెర ద్రావణంలో పెట్టి గడ్డకట్టిస్తున్నారు. ఫలితాలు పేలవంగా ఉన్నాయి. ఒకరోజు ఒక సీసాలోని ద్రావణం అద్భుతంగా పనిచేసింది. కరిగించాక కణాలు చకచకా ఈదాయి. తీరా పరీక్ష చేయిస్తే ఆ సీసాలో చక్కెరే లేదు! చీటీలు తారుమారై అందులో గ్లిసరాల్ ఉంది. చలికాలంలో పగిలిన పెదాలకు మనం రాసుకునే గ్లిజరిన్ అదే.

గ్లిసరాల్ కణంలోకి చొరబడి నీటి చోటును కొంత తాను ఆక్రమిస్తుంది. మంచు పలుకులు కట్టకుండా అడ్డుపడుతుంది. ఉప్పు ఘాటునూ తగ్గిస్తుంది. ఇవాళ మన పల్లెల్లో గోపాలమిత్రలు తెల్లటి పొగలు కక్కే నైట్రోజన్ క్యాను తెరిచి ఆవులకు, గేదెలకు సూదులు వేస్తున్నారంటే ఆ విద్యకు మూలం ఆ సీసాయే. తర్వాత 1959లో డి.ఎం.ఎస్.ఓ. అనే మరో రసాయనం వచ్చింది. ఇదీ రక్షించేదే గానీ దీని ప్రభావమూ ఉంది. ఈ రసాయనంతో నిల్వచేసిన మూలకణాలు ఎక్కించుకున్న రోగుల ఊపిరిలో ఒకటి రెండు రోజులు వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది! మంచు నుంచి కాపాడే మందు కూడా ఎక్కువైతే, ఎక్కువసేపైతే, కణానికి విషమే.

పిండాన్ని గడ్డకట్టించడం గురించి చెప్పుకునేటప్పుడు మన దేశం పేరు ముందు వరసలోనే రావాలి. 1978 అక్టోబరు 3న కలకత్తాలో 'దుర్గ' అనే పాప పుట్టింది. ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ తర్వాత కేవలం 70 రోజులకు. పిండాన్ని కొన్ని వారాలు గడ్డకట్టించి, తర్వాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టానని డాక్టర్ సుభాష్ ముఖర్జీ ప్రకటించారు. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. అవహేళనలు, బదిలీలు భరించలేక 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో ఆయన కాగితాలను పరిశీలించిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్‌కుమార్, ఈ ఘనత ముఖర్జీదేనని బహిరంగంగా చెప్పారు. అప్పటిదాకా దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనత ఆనంద్‌కుమార్ బృందానిదే అనుకునేవారు. తన పేరు వెనక్కి పోతుందని తెలిసీ నిజం చెప్పిన ఆ పెద్దమనసు కూడా తలచుకోదగ్గదే.

అండం ఎందుకంత సున్నితం?

వీర్యకణాలను గడ్డకట్టించి బిడ్డలను పుట్టించడం 1950ల్లోనే సాధ్యమైంది. పిండాల విషయంలో ఆస్ట్రేలియాలో 1984లో జరిగిన కాన్పుతో ప్రపంచానికి నమ్మకం కుదిరింది. గడ్డకట్టించిన అండంతో తొలి కాన్పు 1986లో, అదీ ఆస్ట్రేలియాలోనే జరిగింది. కవలలు పుట్టారు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు అండాల విషయంలో అడుగు ముందుకు పడలేదు. కారణం అండం తయారీలోనే ఉంది.

మన శరీరంలో అన్నిటికన్నా పెద్ద కణం అండమే. మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. లోపల బోలెడు నీరు. అంత నీరు బయటికి రావాలంటే వ్యవధి పడుతుంది. పైగా పిండంలో ఒకటికి మించి కణాలు ఉంటాయి, ఒకటి పోయినా మిగిలినవి కోలుకుంటాయి. అండం ఒంటరి కణం. అది పోతే అంతా పోయినట్టే.

ఇంకో సంగతి. పండిన అండం నిద్రపోతూ ఉండదు, విభజన మధ్యలో ఆగి ఉంటుంది. దాని క్రోమోజోములు కదురులాంటి అమరికలో, సన్నటి దారాల మీద వరసగా నిలబడి ఉంటాయి. స్కూలు పుస్తకాల్లో కండె పోగులని చదువుకున్నామే, అవే. చలి తగలగానే ఈ పోగులు విడిపోతాయి. వెచ్చబరిచాక రెండు మూడు గంటల్లో మళ్లీ అల్లుకుంటాయి. చాలా అండాల్లో సరిగ్గానే అల్లుకుంటాయి. అన్నిట్లోనూ అల్లుకుంటాయని హామీ లేదు. అల్లిక తప్పితే క్రోమోజోముల పంపకం తప్పుతుంది.

అండం చుట్టూ ఉండే పొర కూడా మారుతుంది. మామూలుగా ఒక వీర్యకణం లోపలికి రాగానే రెండోది రాకుండా ఈ పొర గట్టిపడుతుంది. చలికీ, రసాయనాలకూ అండం మోసపోయి ముందే తలుపులు వేసేసుకుంటుంది. అందుకే దాచిన అండంలోకి వీర్యకణాన్ని సన్నటి సూదితో నేరుగా ఎక్కిస్తారు. దాన్నే 'ఇక్సీ' అంటారు.

పటికబెల్లమా, చిక్కీ పాకమా?

చిక్కుముడి విప్పింది 'విట్రిఫికేషన్' అనే పద్ధతి. ఇది వంటింటి భాషలో సులువుగా అర్థమవుతుంది. పంచదార పాకాన్ని నెమ్మదిగా ఆరనిస్తే పలుకులు కడుతుంది. పటికబెల్లం అలా తయారయిందే. అదే పాకాన్ని బాగా ముదరనిచ్చి చల్లటి పళ్లెంలో ఒక్కసారిగా పోస్తే పలుకులు కట్టే వ్యవధి లేక గాజుపలకలా గట్టిపడుతుంది. చిక్కీలో మెరిసే పాకం అదే. అండాన్ని కూడా చిక్కటి రక్షక ద్రావణంలో ముంచి, నిమిషానికి వేల డిగ్రీల వేగంతో లిక్విడ్ నైట్రోజన్‌లోకి దింపితే, లోపలి నీరు మంచు కట్టకుండానే గాజులా ఆగిపోతుంది.

1985లో ఎలుక పిండాల మీద రాల్, ఫాహీ అనే ఇద్దరు ఇది చేసి చూపారు. ఇలా దాచిన అండంతో మొదటి బిడ్డ 1999లో పుట్టింది. పిండాలను గడ్డకట్టించకూడదని ఇటలీలో 2004లో చట్టం రావడంతో అక్కడి డాక్టర్లు అండాల మీద మరింత దీక్షగా పనిచేశారు. జపాన్‌కు చెందిన కువయామా సన్నటి పట్టీ మీద అండాన్ని నిలిపే పద్ధతి రూపొందించారు. ఇవన్నీ కలిసి 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం, ఇది ఇక 'ప్రయోగ దశ'లోది కాదని ప్రకటించింది. అండాలు కరిగించాక 90 శాతానికి పైగా బతుకుతున్నాయని ఆ సందర్భంగా చెప్పింది.

ఇంత వరకు శుభవార్తే. కానీ ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. ప్రకటనల్లో అది కనిపించదు. కరిగించిన ఒక్కో అండం లెక్కన గర్భం నిలిచే అవకాశం 4.5 నుంచి 12 శాతం. బతకడం వేరు, పిండం కావడం వేరు, ఆ పిండం గర్భంలో నిలవడం వేరు. ప్రతి మెట్టు మీదా కొన్ని రాలిపోతాయి. అందుకే ఒకటి రెండు అండాలు దాచుకుంటే చాలదు, పది పదిహేను కావాలంటారు. అన్ని కావాలంటే పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తు ఇచ్చి అండాలు తీయడం. కొందరికి రెండు మూడుసార్లు.

ఆగేదేమిటి? ఆగనిదేమిటి?

మైనస్ 196 డిగ్రీల చలిలో కణంలోని రసాయన చర్యలన్నీ ఆగిపోతాయి. అక్కడ అయిదేళ్లున్నా, పాతికేళ్లున్నా పెద్ద తేడా లేదు. 1992లో గడ్డకట్టించిన పిండాల నుంచి 2022లో అమెరికాలో కవలలు పుట్టారు. 1994 నాటి పిండం నుంచి 2025లో మగబిడ్డ పుట్టాడు. దెబ్బలన్నీ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తగిలేవే. వెచ్చబరిచేటప్పుడు ఏ మాత్రం ఆలస్యమైనా గాజులా ఉన్న నీరు మంచు పలుకులుగా మారి చీల్చేస్తుంది. కొన్ని రకాల కణాలు కరిగించిన వెంటనే నిక్షేపంలా కనిపించి, ఒక రోజు గడిచాక లోలోపల మొదలైన నాశనంతో చనిపోతాయి. కనుక మిషను ఎంత గొప్పదన్నది కాదు, ఆ పని చేసే చేతికి ఎంత అనుభవం ఉందన్నదే ముఖ్యం.

గడ్డకట్టించిన నాటికి అండం వయసెంతో, కరిగించాకా అంతే. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదు నెలలు ఉండగానే ఆమె అండాల సంఖ్య 60-70 లక్షలకు చేరుతుంది. పుట్టేసరికి 10-20 లక్షలు. రజస్వల అయ్యేనాటికి 3-4 లక్షలు. సంఖ్యతో పాటు నాణ్యతా తగ్గుతూ వస్తుంది. 35 దాటాక క్రోమోజోముల లోపాలు వేగంగా పెరుగుతాయి. 40 ఏట దాచిన అండం 40 ఏళ్ల అండమే. ఏ చలీ దాన్ని పడుచుగా మార్చదు. ఇక 30 ఏట దాచి 43 ఏట వాడుకుంటే, అండం వయసు 30 అయినా గర్భం మోసే ఒంటి వయసు 43. ఆ వయసు గర్భిణికి వచ్చే రక్తపోటు, మధుమేహం ముప్పులు తగ్గిపోవు.

పిల్లల సంగతేమిటని తల్లులు అడుగుతారు. 2009లో ఇలా పుట్టిన 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలిస్తే పుట్టుక లోపాలు ఎక్కువగా కనిపించలేదు. ఊరట కలిగించే మాట. గడ్డకట్టించిన పిండాలతో పుట్టిన పిల్లలు మాత్రం సగటున కాస్త ఎక్కువ బరువుంటారు. తల్లులకు గర్భిణీ రక్తపోటు ముప్పు కొంత ఎక్కువ. గర్భాశయాన్ని కేవలం మందులతో సిద్ధం చేసినప్పుడు ఇది మరింత స్పష్టంగా కనిపిస్తోంది. భయపడవలసిన పని లేదు, కానీ డాక్టరుతో మాట్లాడవలసిన విషయం.

ఎవరికి వరం?

ఇదంతా విని ఈ విద్యే చెడ్డదనుకుంటే పొరపాటు. పాతికేళ్ల అమ్మాయికి క్యాన్సర్ అని తెలిసింది. కీమోతో ప్రాణం దక్కుతుంది, అండాలు మిగలకపోవచ్చు. ఆమెకు ఇది నిజంగా వరం. రజస్వల కాని పసిపిల్లలకైతే అండాశయం ముక్కనే గడ్డకట్టించి దాచవచ్చు. ఇలా దాచిన ముక్కను తిరిగి అమర్చుకున్న ఒక మహిళ 2004లో బెల్జియంలో బిడ్డను కన్నది. దురదృష్టమేమిటంటే ప్రాణం దక్కితే చాలనే కంగారులో ఈ మాట ఎత్తడం ఇంట్లోవాళ్లకూ తోచదు, కొన్నిసార్లు డాక్టర్లూ ఎత్తరు. చికిత్స మొదలయ్యాక అనుకుని లాభం లేదు. క్యాన్సర్ అని చెప్పిన రోజే ఈ దారి ఉందని చెప్పడం ప్రతి ఆస్పత్రి బాధ్యత కావాలి.

మరోపక్క, అక్కర లేనివాళ్లకు అంటగట్టే దాచుడూ ఉంది. కాన్పు దగ్గర పడగానే బొడ్డుతాడు రక్తం దాచమంటూ వచ్చే ప్రకటనలు చూడండి. ఆ కణాలు చలికి బాగా తట్టుకుంటాయి, ఇరవై ఏళ్లకు పైగా నిల్వ ఉన్నవీ పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. సందేహం అక్కడ కాదు. బిడ్డకు థలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బు ఉంటే, ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది కదా! బిడ్డ తన కోసమే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. బీమా అన్న మాట ఇక్కడా వినిపిస్తుంది. ఆశపడే తల్లి ముందు ఆ మాట ఎంత సులువుగా చెల్లుబాటవుతుందో!

సంతకం చేసే ముందు

దాచుకోవాలని నిర్ణయించుకున్నవారు కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి. మీ సెంటరులో నా వయసువాళ్ల అండాలు ఎన్ని కరిగించారు, వాటిలో ఎందరు బిడ్డలు పుట్టారు? గర్భాలు కాదు, కాన్పులు చెప్పండి. ఏటేటా అద్దె ఎంత? సెంటరు మూతపడితే నా అండాల గతేమిటి? నైట్రోజన్ తగ్గితే రాత్రిపూట ఎవరికి తెలుస్తుంది? ఈ చివరి ప్రశ్న ఊరికే అడిగేది కాదు. 2018 మార్చిలో అమెరికాలో ఒకే వారాంతంలో రెండు వేర్వేరు నగరాల్లో ట్యాంకులు పాడయ్యాయి. క్లీవ్‌లాండ్‌లోనే 4,000కు పైగా అండాలు, పిండాలు నాశనమయ్యాయి.

మన చట్టం గురించీ తెలుసుకోవాలి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం ఈ సేవలు 21 నుంచి 50 ఏళ్ల మహిళలు పొందవచ్చు. దాతల కణాలనూ, పిండాలనూ పదేళ్లకు మించి దాచకూడదు. సొంత అండాలకు మీ సెంటరు ఏ గడువు పాటిస్తుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. పదేళ్లే అయితే 24 ఏట దాచినవి 34కే చెల్లిపోతాయి. శాస్త్రం తొందరగా దాచుకోమంటుంది, గడువేమో తొందరపడవద్దంటుంది. బ్రిటన్ 2022లో ఈ గడువును 55 ఏళ్ల దాకా పెంచింది. చలిలో కణానికి వయసు రాదని తెలిసినప్పుడు మన దగ్గరా దీని మీద చర్చ జరగవద్దూ?

ఇక అసలు మాట. 2014లో ఫేస్‌బుక్, యాపిల్ తమ ఉద్యోగినులకు అండాలు దాచుకునే ఖర్చు ఇస్తామంటే ప్రపంచమంతా చెప్పుకుంది. మంచిదే. కానీ మన అమ్మాయిలు పిల్లల్ని వాయిదా వేయడానికి కారణాలు వాళ్ల శరీరాల్లో లేవు. కాన్పుకు వెళ్లొస్తే కుర్చీ ఉంటుందో లేదో తెలియని ఆఫీసుల్లో ఉన్నాయి. పసిబిడ్డను ఎక్కడ వదిలి వెళ్లాలో తెలియని ఇళ్లల్లో ఉన్నాయి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లోనే చట్టం తెచ్చుకున్నాం. మీ ఆఫీసులో ఉందా? మీ పక్క ఆఫీసులో? అండానికి నైట్రోజన్ ట్యాంకు చూపించే సమాజం, బిడ్డకు ఊయల చూపించలేకపోతే ఎలా?

అండాలు దాచుకోవాలా వద్దా అన్నది ప్రతి స్త్రీ తానే తేల్చుకోవలసిన విషయం. అత్తగారో, మేనేజరో, ప్రకటనో తేల్చేది కాదు. ఆమెకు మనం ఇవ్వవలసింది భయమూ కాదు, భరోసా మాటలూ కాదు. నిజమైన లెక్కలు. చలి కణం గడియారాన్ని ఆపగలదు. ఆపే క్షణంలో కొన్ని కణాలను బలి తీసుకుంటుంది, కదిలించే క్షణంలో ఇంకొన్నిటిని. మిగిలినవి ఇచ్చేది ఒక అవకాశం మాత్రమే. ఆ అవకాశానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో, దాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు ఆగవచ్చో, ఇవన్నీ తెలిసి నిర్ణయించుకున్న అమ్మాయి ఏ నిర్ణయం తీసుకున్నా దానికి మనం గౌరవం ఇవ్వాలి.